అయిదు లోహాల ఫెర్రైట్: మైక్రోవేవ్‌ను మింగే హై ఎంట్రోపీ సిరామిక్‌ను కాలేజీ ల్యాబ్‌లో చేసుకోవడం ఎలా

ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే తలుపు తీసి లోపలి పక్క గోడ చూడండి. చాలా ఓవెన్లలో అట్టముక్కలా కనిపించే పలక ఒకటి బిగించి ఉంటుంది. అది మైకా. గూడూరు, సైదాపురం పక్క పుట్టి పెరిగినవాళ్లకు మైకా గురించి నేను చెప్పక్కర్లేదు. మైక్రోవేవ్ దాని గుండా దాదాపు ఏ నష్టమూ లేకుండా వెళ్లిపోతుంది కాబట్టే ఆ పలకను అక్కడ పెడతారు. ఇప్పుడు మనం చేయబోయే వస్తువు గుణం దానికి పూర్తిగా ఎదురు. వచ్చిన తరంగాన్ని లోపలికి రానిచ్చి, బయటికి పోనివ్వకుండా వేడిగా మార్చేసే సిరామిక్ అది. పేరు ఫెర్రైట్, అంటే ఇనుప ఆక్సైడ్‌తో వేరే లోహాలు కలిసిన అయస్కాంత సిరామిక్.

నేను నెల్లూరులో పీజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ప్రాజెక్టు సీజన్ రాగానే ఏటా ఒకరిద్దరు ‘హై ఎంట్రోపీ మెటీరియల్స్ మీద చేస్తాం సార్’ అంటూ వస్తారు. పేరు అలాంటిది. వాళ్లకు విడివిడిగా చెప్పిందంతా ఒకచోట రాసిపెడదామని ఇది మొదలుపెట్టాను. మన దగ్గర ఉండాల్సినవి ఇవి: మంచి తక్కెడ, హాట్‌ప్లేటు, పనిచేసే ఫ్యూమ్ హుడ్, 1000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లే మఫిల్ ఫర్నెస్. ఎక్స్‌రే డిఫ్రాక్షన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, మైక్రోవేవ్‌ను కొలిచే నెట్‌వర్క్ అనలైజర్ పనులు బయట చేయించుకోవాలి. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ యంత్రం ఉందో వెతికి బుక్ చేసుకోవచ్చు. మనకు చెన్నై, తిరుపతి రెండూ పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే దూరమే.

ముందు పేరు సంగతి

2004లో తైవాన్‌లో యే జెన్‌వీ బృందం, బ్రిటన్‌లో బ్రయాన్ కాంటర్ బృందం వేర్వేరుగా ఒకే ఆలోచన చేశాయి. ఒక ప్రధాన లోహంలో మిగతావి చిటికెడు చిటికెడు కలిపే పాత పద్ధతి వదిలేసి, అయిదు లోహాలను ఇంచుమించు సమపాళ్లలో కలిపారు. మిశ్రమ లోహాల్లో పుట్టిన ఈ ఆలోచన 2015లో ఆక్సైడ్లకు వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో క్రిస్టినా రోస్ట్, జాన్ పాల్ మరియా బృందం మెగ్నీషియం, కోబాల్ట్, నికెల్, రాగి, జింకు ఆక్సైడ్లను సమానంగా కలిపి కాల్చి, ఉప్పు స్ఫటికం నిర్మాణంలో ఒకే ఫేజ్‌గా, అంటే అంతటా ఒకే స్ఫటికంగా, తెచ్చింది. ఆ తర్వాత బోరైడ్లు, కార్బైడ్లు, పెరోవ్‌స్కైట్లు, స్పినెల్ అనే స్ఫటిక నిర్మాణంలో ఉండే ఫెర్రైట్లు వరుసకట్టాయి.

లెక్క చిన్నదే. అయిదు రకాల పరమాణువులు ఒకే రకం స్థానాల్లో సమానంగా, ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటే వచ్చే కాన్ఫిగరేషనల్ ఎంట్రోపీ (కలగాపులగానికి కొలత), వాయు స్థిరాంకాన్ని 5 యొక్క సహజ లాగరిథంతో గుణించినంత. అంటే వాయు స్థిరాంకానికి 1.61 రెట్లు. 1.5 రెట్లు దాటితే హై ఎంట్రోపీ అనడం వాడుక. అంకెల్లో ఇది మోల్‌కు, కెల్విన్‌కు 13.4 జౌళ్లు. 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 1273 కెల్విన్ దగ్గర, ఇది మోల్‌కు 17 కిలోజౌళ్ల ఊతం ఇస్తుంది. విడిగా ఉంటే కలవడానికి ఇష్టపడని ఆక్సైడ్లను కలిపి ఉంచేది ఈ ఊతమే.

ఇక్కడ నాదొక ఫిర్యాదు. 2015 నాటి ఆక్సైడ్ విషయంలో ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. రాగి ఆక్సైడ్‌ది, జింకు ఆక్సైడ్‌ది సొంత నిర్మాణం వేరు. వాటిని ఉప్పు నిర్మాణంలో కూర్చోబెట్టింది ఎంట్రోపీ. మనం చేయబోయే ఫెర్రైట్ సంగతి అలా కాదు. నికెల్ ఫెర్రైట్, కోబాల్ట్ ఫెర్రైట్, జింకు ఫెర్రైట్ అన్నీ ముందే స్పినెల్ కుటుంబంలోవి. చుట్టాలను ఒకే పంక్తిలో కూర్చోబెట్టడానికి పెద్దమనిషి అక్కర్లేదు. పైగా ఇనుమును కూడా లెక్కలోకి తీసుకుంటే, ఒక్కో లోహ స్థానానికి వచ్చే ఎంట్రోపీ 1.5 కన్నా బాగా తక్కువ. కాబట్టి రిపోర్టులో ‘ఎంట్రోపీ వల్లనే స్థిరపడింది’ అని రాయకండి. ‘అయిదు ద్విసంయోజక లోహాలున్న హై ఎంట్రోపీ ఫెర్రైట్’ అని రాస్తే చాలు. వైవాలో ఈ ప్రశ్న వస్తే నోరు తడారిపోదు.

మరి ఫెర్రైటే ఎందుకు?

ఎందుకంటే తరంగంలో విద్యుత్ క్షేత్రం ఒకటి, అయస్కాంత క్షేత్రం ఒకటి ఉంటాయి. ఉప్పు నిర్మాణపు ఆక్సైడ్ మామూలు ఉష్ణోగ్రతలో అయస్కాంతానికి అంటుకోదు, దాని అయస్కాంత నష్టం దాదాపు సున్నా. ఫెర్రైట్ రెండువైపులా తింటుంది. అసలు ఫెర్రైట్ ఈ పనికి కొత్తదేమీ కాదు. ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించే గదుల గోడలకు నికెల్ జింకు ఫెర్రైట్ పలకలు ఎప్పటినుంచో అతికిస్తున్నారు. అవి పనిచేసేది ఎక్కువగా 30 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ మధ్య. మనకు కావాల్సింది అంతకు పైన. కృష్ణపట్నం రేవుకొచ్చే ఓడల మీద గిర్రున తిరిగే ఎక్స్ బ్యాండ్ రాడార్లు 9.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తాయి. మన గురి ఆ ప్రాంతం.

ఇనుముకు తోడుగా వేసే అయిదుగురిలో ఒక్కొక్కరికి ఒక్కో పని. కోబాల్ట్ అయస్కాంత దిశను గట్టిగా పట్టి ఉంచుతుంది, అందువల్ల రెజొనెన్స్, అంటే అయస్కాంతత్వం తరంగంతో పాటు ఊగి శక్తిని ఎక్కువగా మింగే చోటు, పై ఫ్రీక్వెన్సీలకు జరుగుతుంది. జింకుకు సొంత అయస్కాంతత్వం లేకపోయినా, సరైన స్థానంలో కూర్చుని మొత్తం అయస్కాంతత్వాన్ని కొంతవరకు పెంచుతుంది. మరీ ఎక్కువైతే క్యూరీ ఉష్ణోగ్రతను, అంటే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రతను, కిందికి లాగుతుంది. నికెల్ నెమ్మదస్తుడు. రాగి ఉంటే తక్కువ వేడిలోనే గింజలు కలిసిపోతాయి, కానీ అల్లరి చేసేదీ అదే. దాని సంగతి ఫర్నెస్ దగ్గర చెబుతాను. మెగ్నీషియం బరువు తగ్గిస్తుంది. సైజులు తేడాగా ఉన్న అయిదుగురు ఇరుకులో సర్దుకోవడంతో స్ఫటికం జాలకం అక్కడక్కడా వంగుతుంది, కొన్ని ఆక్సిజన్ స్థానాలు ఖాళీ పడతాయి. విద్యుత్ క్షేత్రం క్షణానికి వందల కోట్లసార్లు దిశ మారుస్తుంటే ఆ వంకరల దగ్గరి ఆవేశాలు వెంటనే తిరగలేక వెనకబడతాయి. ఆ వెనకబాటే వేడి.

తూకం: సగం ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే

పదకొండున్నర గ్రాముల పొడికి, అంటే 0.05 మోల్‌కు కావాల్సిన తూకాలివి. ఫెర్రిక్ నైట్రేట్ నోనాహైడ్రేట్ 40.40 గ్రాములు. మెగ్నీషియం నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 2.564, కోబాల్ట్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 2.910, నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 2.908, కాపర్ నైట్రేట్ ట్రైహైడ్రేట్ 2.416, జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 2.975 గ్రాములు. సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్ 31.52 గ్రాములు, అంటే మొత్తం లోహాలకు ఒకటికి ఒకటి మోల్ చొప్పున. మొదటిసారి మాత్రం అన్నీ నాలుగో వంతు తీసుకోండి. కారణం మంట దగ్గరికి వెళ్లాక తెలుస్తుంది.

తూకం సరే, మీరు తూచేది నిజంగా నైట్రేటేనా? ఈ లవణాలకు నీటి మీద మహా ఆశ. మనది సముద్రం పక్క ఊరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు ఫెర్రిక్ నైట్రేట్ సీసా మూత నాలుగుసార్లు తీసిపెడితే లోపల పాకం తయారవుతుంది. ఒక నవంబరులో నేను అలాంటి సీసా నుంచే లేబుల్ మీది అణుభారాన్ని నమ్మి తూచాను. ఇనుము తక్కువ పడింది, మిగిలిపోయిన రాగి ఆక్సైడ్‌గా బయటపడింది. తప్పు ఎక్కడుందో తెలియక రెండు నెలలు ఫర్నెస్‌ను తిట్టుకున్నాను.

ఇప్పుడు చేసే పని ఇది. చిన్న పింగాణీ మూసను ఖాళీగా కాల్చి, చల్లార్చి తూచాలి. అందులో 2.000 గ్రాముల ఫెర్రిక్ నైట్రేట్ వేసి ఫ్యూమ్ హుడ్‌లో నెమ్మదిగా ఎండబెట్టి, తర్వాత ఫర్నెస్‌లో 800 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి. మిగిలేది ఎర్రటి ఫెర్రిక్ ఆక్సైడ్. లవణం లేబుల్ ప్రకారమే ఉంటే 0.395 గ్రాములు రావాలి. 0.370 వచ్చిందనుకోండి, మీ సీసాలో నీళ్లు ఎక్కువున్నాయి. 40.40ని 0.395తో గుణించి 0.370తో భాగిస్తే 43.13 గ్రాములు. అంతే తూచుకోవాలి. మిగతా అయిదింటికీ ఇదే పద్ధతి. ఒక రోజు పోతుంది, పోనీయండి.

జిగురు, మంట

వంద మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో నైట్రేట్లన్నీ కరిగించి, అవి పూర్తిగా కరిగాక సిట్రిక్ యాసిడ్ వేయండి. సిట్రిక్ యాసిడ్‌కు ఇక్కడ రెండు ఉద్యోగాలు: లోహ అయాన్లను విడివిడిగా పట్టి ఉంచడం, చివర్లో ఇంధనంగా కాలిపోవడం. ఆపైన సజల అమ్మోనియాను చుక్కలు చుక్కలుగా, కలుపుతూనే, పీహెచ్ 6 నుంచి 7 వచ్చేదాకా పోయాలి. తొందరపడి గుమ్మరిస్తే చుక్క పడ్డచోట హైడ్రాక్సైడ్ పేరుకుంటుంది. ఎక్కువైతే రాగి, నికెల్ అమ్మోనియాతో జట్టుకట్టి సిట్రేట్‌ను వదిలేస్తాయి.

హాట్‌ప్లేటు మీద 80 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటే మూడు నాలుగు గంటలకు చిక్కబడుతుంది. తీగపాకం దశ దాటి, గరిట ఆడనంత జిగురయ్యాక స్టిర్రర్ ముక్క తీసేయండి. ఇక్కడినుంచి జాగ్రత్త. అమ్మోనియా పోశాం కదా, ఆ జిగురులో అమ్మోనియం నైట్రేట్ ఉంది. అది, ఇంధనం, వేడి ఒకచోట చేరితే ఏమవుతుందో కెమిస్ట్రీ విద్యార్థికి చెప్పక్కర్లేదు. పూర్తి మోతాదుకు రెండు లీటర్ల బీకరుకు తక్కువది వాడొద్దు. ఫ్యూమ్ హుడ్ అద్దం కిందికి దించి, ముఖానికి షీల్డు పెట్టుకుని, వేడిని 200 డిగ్రీలు దాటించండి. జిగురు ఉబ్బుతుంది, ఒక మూల నిప్పు రాజుకుంటుంది, అది పాక్కుంటూ కొన్ని సెకన్లలో మొత్తం బూడిదైపోతుంది. గోధుమ రంగు నైట్రోజన్ ఆక్సైడ్ పొగలు వస్తాయి. బీకరు చిన్నదైతే ఆ బూడిద నేరుగా హుడ్ పైకప్పుకు అంటుకుంటుంది. నాలుగో వంతుతో మొదలుపెట్టమన్నది అందుకే. మూత మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

నికెల్, కోబాల్ట్ లవణాలు, వాటి దుమ్ము క్యాన్సర్ కారకాలు. గ్లోవ్స్, సరైన మాస్కు లేకుండా ఈ బూడిదను నూరొద్దు. గిన్నెలు కడిగిన నీళ్లు సింకులో పోయకుండా డబ్బాలో పట్టిపెట్టండి.

బూడిద దగ్గరికి అయస్కాంతం తెస్తే చటుక్కున అంటుకుంటుంది. పిల్లలు అది చూసి ‘అయిపోయింది సార్’ అంటారు. అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడ్లు వేరే కూడా ఉన్నాయి, కాబట్టి అది రుజువు కాదు.

కాల్చడం

బూడిదను అగేట్ కల్వంలో అరగంట నూరి, మూత లేని అల్యూమినా మూసలో 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. మిగిలిన కార్బన్ పోతుంది. కార్బన్ మిగిలితే అది కూడా మైక్రోవేవ్ తింటుంది, ఆ ఘనత ఫెర్రైట్ ఖాతాలో పడుతుంది. కావాలని కార్బన్ కలిపే పద్ధతులు వేరే ఉన్నాయి, తెలియకుండా కలవడం వేరు.

మళ్లీ నూరి, బిళ్లగా నొక్కి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 1000కి తీసుకెళ్లి నాలుగు గంటలు ఉంచాలి. 1100 దాటించాలని ఉబలాటపడితే జింకు ఆవిరైపోవడం మొదలవుతుంది, అయిదు పాళ్ల లెక్క తప్పుతుంది. ఇక రాగి అల్లరి సంగతి. ఫర్నెస్‌ను ఆపేసి రాత్రంతా దానంతటది చల్లారనిస్తే కొన్నిసార్లు రాగి ఆక్సైడ్ విడిపోయి గింజల అంచుల్లో చేరుతుంది. బిళ్లను 1000 దగ్గరే పొడవాటి పటకారుతో తీసి మందపాటి ఇత్తడి దిమ్మె మీద పెట్టి చల్లార్చితే ఆ అవకాశం తగ్గుతుంది. మా వీధిలో బంగారం పనిచేసే ఆచారి దగ్గర పటకారు పట్టే తీరు చూసి నేర్చుకున్నాను. మోచెయ్యి ఒంటికి ఆనించి పట్టుకుంటే చేయి వణకదు. వేడి మూసను కాకుండా బిళ్లను మాత్రమే తీయండి, మూస ఒక్కసారిగా చల్లబడితే పగులుతుంది. మధ్యలో కరెంటు పోతే ఎప్పుడు పోయింది, ఎంతసేపు పోయింది నోట్‌బుక్‌లో రాయండి. ఆ బ్యాచ్‌ను పారేయక్కర్లేదు, కానీ మంచి బ్యాచ్‌తో కలపకండి.

ఒకే ఫేజా, కాదా

ఎక్స్‌రే గ్రాఫులో స్పినెల్ శిఖరాలు, రాగి టార్గెట్ వాడితే, 30.1, 35.5, 43, 57, 62.6 డిగ్రీల కోణాల (2 థీటా) దగ్గర వస్తాయి. అన్నిటికన్నా ఎత్తైనది 35.5ది. రాగి ఆక్సైడ్ ముఖ్య శిఖరాల్లో ఒకటి కూడా సరిగ్గా 35.5 దగ్గరే ఉంటుంది. అంటే దొంగ పెద్దమనిషి వెనక దాక్కున్నాడు. అతణ్ని పట్టించేది 38.7 దగ్గరి రెండో శిఖరం. అక్కడ చిన్న గుట్ట ఉన్నా రాగి విడిపోయినట్లే. 33.2 దగ్గర ఏదైనా కనిపిస్తే ఫెర్రిక్ ఆక్సైడ్ మిగిలింది. రాగి ఎక్స్‌రేకు ఇనుము, కోబాల్ట్ తామే మెరుస్తాయి, నేపథ్యం ఎత్తుగా వచ్చి చిన్న గుట్టలు అందులో మునిగిపోతాయి. అందుకని ఆపరేటర్‌ను బతిమాలి అయినా నెమ్మది స్కాన్ చేయించుకోండి. పది నిమిషాల స్కాన్ చూసి ‘సింగిల్ ఫేజ్’ అని రాసిన రిపోర్టులు చాలా చూశాను.

రెండో పరీక్ష ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మూలకాల మ్యాపింగ్. అన్ని మూలకాలూ సమంగా పరుచుకున్నట్టు రంగురంగుల చిత్రాలు వస్తాయి, చూడ్డానికి బాగుంటాయి. కోబాల్ట్ చిత్రాన్ని మాత్రం నమ్మకండి. ఇనుము రెండో ఎక్స్‌రే గీత 7.06 కిలోఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర, కోబాల్ట్ మొదటి గీత 6.93 దగ్గర ఉంటాయి. రెండిటినీ డిటెక్టర్ విడదీయలేదు. మన పొడిలో ఇనుము కోబాల్ట్‌కు పదింతలు. అంటే కోబాల్ట్ అస్సలు వేయకపోయినా మ్యాప్‌లో ‘కోబాల్ట్’ ఇనుమంత సమంగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో గీతలను విడదీసే ఆప్షన్ ఆన్ చేయమని అడగండి. శాంపిల్ పెట్టే దిమ్మె ఇత్తడిదైతే రాగి, జింకు అంకెలకూ అదే గతి.

మైనం ఉంగరాలు

నెట్‌వర్క్ అనలైజర్ కొలతకు, బిళ్లను మళ్లీ నూరి, ఆ పొడిని ప్యారాఫిన్ మైనంతో బరువులో 70:30 పాళ్లలో కలిపి ఉంగరంగా నొక్కుతారు. బయటి వ్యాసం 7.00, లోపలి వ్యాసం 3.04 మిల్లీమీటర్లు. కోయాక్సియల్ హోల్డర్‌లో అది బిగుతుగా కూర్చోవాలి.

డెబ్భై శాతం అంటే పొడే ఎక్కువ అనిపిస్తుంది. ఫెర్రైట్ సాంద్రత సుమారు 5.2, మైనానిది 0.9. ఘనపరిమాణంలో చూస్తే పొడి 29 శాతమే, మిగతాదంతా మైనం. ఇంకొకరి ఫలితంతో పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే పోలికకు అర్థం లేదు. ఈ లెక్కే ఉంగరాన్ని పరీక్షించడానికీ పనికొస్తుంది. 2 మిల్లీమీటర్ల ఉంగరం 0.133 గ్రాములు తూగాలి. 0.120 తూగితే లోపల గాలి బుడగలున్నాయి, కరిగించి మళ్లీ నొక్కండి.

అసలు శాంపిల్ కన్నా ముందు ఒట్టి మైనం ఉంగరాన్ని కొలిపించండి. ఎప్సిలాన్, అంటే విద్యుత్ క్షేత్రానికి వస్తువు స్పందన చెప్పే సాపేక్ష పర్మిటివిటీ, 2.2 చుట్టుపక్కల, మ్యూ, అంటే అయస్కాంత క్షేత్రానికి స్పందన చెప్పే సాపేక్ష పర్మియబిలిటీ, 1 రావాలి. రాకపోతే యంత్రం క్యాలిబ్రేషన్ సరిగా లేదు. ఆ రోజు వచ్చే మిగతా అంకెలన్నీ వృథా. ఉంగరం 3 మిల్లీమీటర్లకు పోకుండా 2 దగ్గర ఉంచండి. ఉంగరం మందం దాని లోపలి తరంగదైర్ఘ్యంలో సగానికి వచ్చిన ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎక్కువమంది వాడే నికల్సన్, రాస్, వైర్ లెక్క గింగిరాలు తిరుగుతుంది. 3 మిల్లీమీటర్లకు అది 18 గిగాహెర్ట్జ్ దగ్గరపడుతుంది. గ్రాఫు చివర్లో పొడుచుకొచ్చిన ముక్కును చూసి ‘కొత్త రెజొనెన్స్’ అని సంబరపడేది ఇక్కడే. మ్యూ నష్ట భాగం, అంటే వేడిగా పోయేదాన్ని చెప్పే భాగం, రుణాత్మకంగా వస్తే దానికి గొప్ప సిద్ధాంతం వెతక్కండి, ముందు గాలి సందులు వెతకండి.

అసలు లెక్క

తరంగం మింగబడాలంటే రెండు జరగాలి. ఒకటి లోపలికి రావాలి, రెండు లోపల చావాలి. మైపాడులో ఇసుక వాలు మీదికి అల పాక్కుంటూ వచ్చి అక్కడే ఇంకిపోతుంది. అదే అల రేవులో నిలువు రాతికట్టకు తగిలితే లేచి వెనక్కి పడుతుంది. విద్యుత్తును బాగా పోనిచ్చే వస్తువు రాతికట్ట లాంటిది. నష్టం ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుని గ్రాఫైట్ గుప్పిస్తే తరంగం గుమ్మంలోనే వెనక్కి తిరుగుతుంది. గాలికి 377 ఓమ్‌ల ఇంపిడెన్స్ ఉంది. పలక ముఖం కూడా దానికి దగ్గరగా కనబడితేనే తలుపు తెరుచుకుంటుంది.

పలక వెనక లోహపు రేకు ఉందనుకుని లెక్క కడతారు. ఇలా చేయండి. మ్యూను ఎప్సిలాన్‌తో భాగించి వర్గమూలం తీయండి, ఇది మొదటి సంఖ్య. మ్యూ, ఎప్సిలాన్‌ల లబ్ధానికి వర్గమూలం తీసి, దాన్ని 2π, ఫ్రీక్వెన్సీ, మందంతో గుణించి, కాంతి వేగంతో భాగించి, ఊహా సంఖ్య iతో గుణించి, దాని హైపర్‌బాలిక్ టాంజెంట్ తీయండి, ఇది రెండో సంఖ్య. రెండిటి లబ్ధం పలక ముఖం ఇంపిడెన్స్, గాలితో పోల్చి. అందులోంచి 1 తీసేసినదాన్ని, దానికి 1 కలిపినదానితో భాగిస్తే ప్రతిఫలన గుణకం. దాని పరిమాణానికి పది ఆధారంగా లాగరిథం తీసి 20తో గుణిస్తే డెసిబెల్స్. అన్నీ సంకీర్ణ సంఖ్యలు, చేత్తో చేస్తే తల తిరుగుతుంది, పైథాన్‌లో నాలుగు వరుసలు.

ఒక ఉదాహరణ. 10 గిగాహెర్ట్జ్ దగ్గర ఎప్సిలాన్ వాస్తవ భాగం 6, నష్ట భాగం 1. మ్యూ వాస్తవ భాగం 1.2, నష్ట భాగం 0.4 అనుకుందాం. లెక్కలో నష్ట భాగాలను ఊహాభాగాలుగా, మైనస్ గుర్తుతో వేయాలి. మందం 2.7 మిల్లీమీటర్లు పెడితే మైనస్ 18.9 డెసిబెల్స్ వస్తుంది. అంటే వచ్చిన శక్తిలో 1.3 శాతమే వెనక్కి వెళ్లింది. అదే పొడి, అదే మైనం, మందం మాత్రం 1.5 మిల్లీమీటర్లు చేయండి. మైనస్ 3.5 డెసిబెల్స్! 45 శాతం వెనక్కి వచ్చేసింది.

పొడి మారలేదు, ఎంట్రోపీ మారలేదు. మారింది మందం ఒక్కటే. 2.7 దగ్గర పలక మందం లోపలి తరంగదైర్ఘ్యంలో పావు వంతుకు వచ్చింది, పై ముఖం నుంచి తిరిగేది, వెనక రేకు నుంచి తిరిగేది ఒకదాన్నొకటి చంపుకున్నాయి. అందుకే ఎవరైనా ‘మా మెటీరియల్ మైనస్ 60 డెసిబెల్స్’ అంటే నేను పెద్దగా కదలను. మందాన్ని వందో వంతు మిల్లీమీటరు చొప్పున మారుస్తూ కంప్యూటర్‌లో వెతికితే ఎక్కడో ఒకచోట సూదిమొనలాంటి లోతు దొరుకుతుంది. మైనస్ 10 అంటే 90 శాతం, మైనస్ 20 అంటే 99 శాతం వెనక్కి రాకుండా ఆగినట్టు. ఆ తర్వాతది మిగిలిన ఒక్క శాతంలో గొడవ. నేను చూసేది వేరే: మైనస్ 10 కింద ఎన్ని గిగాహెర్ట్జ్ వెడల్పు వచ్చింది, ఎంత మందంలో వచ్చింది. రిపోర్టులో మొదటి వరుసలో అవి రాయండి.

నష్టం ఎక్కడినుంచి వస్తోందో తెలియాలంటే ఒక సులువైన పరీక్ష ఉంది. మ్యూ నష్ట భాగాన్ని, వాస్తవ భాగం వర్గంతోనూ ఫ్రీక్వెన్సీతోనూ భాగించి గ్రాఫు గీయండి. గీత బల్లపరుపుగా ఉంటే సుడి విద్యుత్ ప్రవాహాల వల్ల నష్టం. ఎగుడుదిగుడుగా ఉంటే రెజొనెన్స్ కూడా ఉంది. ఎప్సిలాన్ రెండు భాగాలను ఒకదానికొకటి గీస్తే వచ్చే అర్ధవలయాలను లెక్కపెట్టి ‘మూడు రకాల పోలరైజేషన్లు’ అని రాసే అలవాటు ఒకటుంది. కొలతలోని వణుకు కూడా అర్ధవలయాలు గీస్తుంది. రెండు వేర్వేరు ఉంగరాల్లో అదే వలయం అదే చోట వస్తేనే మాట్లాడండి.

నిజం పలక

ఇప్పటిదాకా వచ్చిన డెసిబెల్స్ ఏవీ కొలిచినవి కావు, కట్టినవి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఓపిక ఉంటే ఇంకో అడుగు వేయండి. పొడిని మైనానికి బదులు ఎపాక్సీలో కలిపి, వేవ్‌గైడ్ (మైక్రోవేవ్‌ను నడిపే లోహపు గొట్టం) కొలతకు సరిపడా 22.86 × 10.16 మిల్లీమీటర్ల పలక పోయండి. ఎపాక్సీ ఎప్సిలాన్ మైనం కన్నా ఎక్కువ, కాబట్టి మైనంలో తెచ్చిన అంకెలు దీనికి పనికిరావు. ఎపాక్సీ ఉంగరం చేసి మళ్లీ కొలిపించుకుని, మందం మళ్లీ లెక్కగట్టాలి. పొడి కిందికి దిగిపోకుండా జిగురు గట్టిపడే సమయం చూసి పోయండి. వెనక లోహపు ప్లేటు బిగించి ప్రతిఫలనం నేరుగా కొలవండి.

మేము పోసిన మొదటి పలకకు లెక్క ప్రకారం మందం 2.7 రావాలి. అచ్చులో ఎక్కువ పోయడంతో 3.0 వచ్చింది. ప్రతిఫలన గ్రాఫులో లోతైన గుంట 10 గిగాహెర్ట్జ్ దాటిన చోట ఉండాల్సింది 9 చిల్లరకు జారిపోయింది. పిల్లలు ముఖాలు వేలాడేశారు. నల్ల ఎమెరీ కాగితం నీళ్లలో తడిపి, పలకను గాజు మీద పెట్టి, పది తిప్పులకోసారి మైక్రోమీటర్‌తో చూసుకుంటూ రుద్దించాను. పొడిగా రుద్దితే నికెల్, కోబాల్ట్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే తడిపి. 2.85 దగ్గర కొలిస్తే గుంట కొంచెం పైకి జరిగింది. 2.7కు తెచ్చి కొలిస్తే లెక్కలో ఉన్న చోటికి ఇంచుమించు వచ్చి నిలబడింది. రుద్దిన బురద నీళ్లు కూడా ఆ వ్యర్థాల డబ్బాలోకే.